షాహీన్ మేడం ముప్పై సెకన్లు

మొన్న ఆదివారం పొద్దున మా వీధిలోకి ఉల్లిగడ్డల ఆటో వచ్చింది. పైన కట్టిన మైకులో ఒక ఆడగొంతు ఖంగుమని ధర చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి బొంగురుపోయింది. బ్యాటరీ దిగిపోయిందో, వైరు వదులైందో, కాసేపు గరగరమంటూ సాగి మళ్ళీ మామూలుగా పలికింది. నేను చేతిలోని చాయ్ గ్లాసు గోడ మీద పెట్టి, తెలియకుండానే గడియారం చూసుకున్నాను. "ఎవరన్న వస్తున్నరా?" అని అడిగింది మా ఆవిడ. ఎవరూ రావడం లేదు. బొంగురు గొంతు వినబడితే గడియారం చూసుకోవడం నాకున్న పాత అలవాటు. ఆ అలవాటు చేసిన మనిషి షాహీన్ మేడం. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పొట్టి మనిషి, పోచంపల్లి నూలు చీర, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, ఎప్పుడూ వేళ్ళ మధ్య ఒక సగం సుద్దముక్క. స్కూలు గేటు దాటగానే బురఖా విప్పి నాలుగు మడతలు పెట్టి సంచిలో సర్దుకునేది. ఆ నాలుగో మడత పడేలోగా ఎదురుపడిన వాణ్ణల్లా ఏదో ఒకటి అని నవ్వించేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో హుజూర్‌నగర్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో నాకు విద్యా వాలంటీరుగా పని దొరికింది. ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పాలి. మాది పాలమూరు దిక్కు కురుమ కుటుంబం. చిన్నప్పుడు నా సెలవులన్నీ బాపుతో గొర్ల వెంట గడిచాయి. రోజంతా గొర్లతో మాట్లాడినవాడికి ఎదురుగా నలభై మంది మనుషులు, అదీ లేచి పోకుండా కూర్చునేవాళ్ళు దొరికితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. బెల్లు నుంచి బెల్లు దాకా ఆపకుండా వాయించేవాణ్ణి. ప్రశ్న నేనే అడిగి, జవాబు నేనే చెప్పి, "అర్థమైందా?" అని నేనే అడిగి, "అయింది కదా" అని కూడా నేనే అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే అది ఉత్సాహం కాదు, భయం. ఒక్క నిమిషం గది నిశ్శబ్దంగా ఉంటే ఈ సారుకు ఏమీ రాదని పిల్లలు కనిపెట్టేస్తారని భయం. షాహీన్ మేడం అదే స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు లెక్కల టీచరు. నా గొంతు గోడ దాటి ఆమె క్లాసులోకి వెళ్ళేదట. "నీ ఏడో తరగతి పాఠాలు మా పదోళ్ళకు గూడ మల్లొకపారి అయితున్నయి సార్, మంచిదే" అనేది.

నేను చేరిన రెండో వారంలో, పొద్దున ప్రార్థన జరుగుతుండగా ఆమె వరుస పక్కన నిలబడ్డచోటే కూలిపోయింది. చేతులు, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎవరో "ఇనుము, ఇనుము" అని అరిచారు. అప్పుడు అందరికంటే ముందు పరుగెత్తి, జేబులోంచి బండి తాళాలు తీసి ఆమె పిడికిట్లో కుక్కిన మహానుభావుణ్ణి నేనే. బి.ఇడి. చదివినవాణ్ణి. మా ఊళ్ళో ఫిట్స్ వస్తే అందరూ చేసే పని అదే, చదువు దాన్నేమీ కదిలించలేదు. కాసేపటికి ఫిట్స్ ఆగాయి. స్టాఫ్‌రూమ్ బెంచీ మీద పడుకోబెట్టాం. చాలాసేపటికి ఆమె లేచి కూర్చుని, నీళ్ళు తాగి, చేతిలోని తాళాలను ఎగాదిగా చూసింది.

"ఇవి ఎవరియి?"

"నావే మేడం."

"అంటే బండి నాకు ఇచ్చినట్టేనా సార్?"

"ఇనుము పెడితే ఆగుతదని పెట్టిన మేడం" అన్నాను.

"ఆగిందా?"

"ఆగింది."

"ఎంతసేపటికి ఆగింది?"

ఎంతసేపో నాకు తెలియదు. పది నిమిషాలని ఒకరన్నారు, రెండే అని ఇంకొకరన్నారు. ఆమె తాళాలు నా చేతిలో పెట్టి, నాకే పాఠం మొదలుపెట్టింది. "గదే చూడాలె సార్. ఈసారి అస్తే నా చేతుల ఏం పెట్టకు, నోట్లె ఏం పెట్టకు. పక్కకు తిప్పు, తల కింద మెత్తగ ఏదన్న పెట్టు, గడియారం చూడు. ఐదు నిమిషాలు దాటిందా, ఆటో పిలిచి దవాఖానకు తీస్కపో. దాటలేదా, పక్కన కూసో. గంతే. లెక్కల సారువు, ఇనుముతోని నీకేం పని?" ఆ రోజు నుంచి స్కూల్లో ఆమె గడియారం మనిషిని నేనే అయ్యాను. ఎప్పుడు వచ్చినా ఎన్ని సెకన్లో చూసి చెబితే, ఆమె తన చిన్న పుస్తకంలో తారీఖు వేసి రాసుకునేది.

ఫిట్స్ ఆమెకు పదేళ్ళప్పుడు మొదలయ్యాయట. మందులు మార్చారు, కలిపారు, పెంచారు. టిఫిన్ డబ్బాతో పాటు ఒక గోలీల డబ్బా కూడా ఆమె సంచిలో ఉండేది. అయినా నెలకు నాలుగైదుసార్లు వచ్చేవి. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఇవి మందులకు లొంగే రకం కాదన్నాడు. మెదడులో ఒక్కచోట పుడితే ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేయొచ్చు, ఈమెకు రెండువైపులా పుడుతున్నాయి, కాబట్టి ఇంకో దారి ఉంది, కరెంటు పెడదాం అన్నాడు. ఆ సంగతి నాకు వివరంగా చెప్పింది మేడం భర్త యూసుఫ్ భాయ్. హుజూర్‌నగర్‌లో ఆయనకు బోరు మోటార్ల వైండింగ్ దుకాణం. చుట్టూ విప్పేసిన మోటార్లు, రాగి తీగ చుట్టలు. ఒక మోటారు మీద సుద్దముక్కతో మనిషి బొమ్మ గీసి చూపించాడు.

"గిదో, ఎడమ దిక్కు, తోలు కింద గింత డబ్బ పెడ్తరు సార్. అండ్లకెల్లి వైరు తీసి మెడకాడ ఒక నరానికి చుడ్తరు. ఆ నరం సీదా మెదడు దాక పోతది. ఐదు నిమిషాలకొకపారి ముప్పై సెకన్లు కరెంటు పోతది. దినమంత, రాత్రంత, దాని పని అది చేసుకుంటనే ఉంటది."

"ఎంత కరెంటు భాయ్?"

ఆయన మొహం చిన్నబోయింది. "మిల్లీ ఆంపులల్ల సార్! గంత కరెంటుకు నా దుకాణంల చీమ గూడ కదలదు. జర పెంచరాదా అని డాక్టర్‌నడిగిన. నవ్విండు. మెల్లమెల్లగ పెంచుతడట, నెలలు పడ్తదట."

స్టూలు మీద కూర్చుని వింటున్న మేడం నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇరవై ఏండ్ల సంది ఊరందరి మోటర్లకు ఈయన వైండింగ్ చేస్తుండు. ఇప్పుడు పెండ్లానికి ఇంకొకాయన చేస్తుండని కడుపుమంట" అంది. తర్వాత నాతో బస్టాండు దాకా నడుస్తూ మాత్రం నవ్వకుండా చెప్పింది. "పూర్తిగ పోతయని డాక్టర్ చెప్పలే సార్. తగ్గొచ్చు, చిన్నయి కావొచ్చు అన్నడు. సున్న కాదట, తక్కువట. నాకు తక్కువ చాలు. పదో తరగతి క్లాసుల నిలబడేటంత తక్కువైతే చాలు."

ఆ మాట ఊరికే అనలేదు. ఆ ఏడాది పరీక్షల ముందు ఆమెకు పదో తరగతిలో పెద్ద ఫిట్ వచ్చింది. ఇద్దరు పిల్లలు భయపడి ఏడుస్తూ ఇంటికి పరుగెత్తారు. మరునాడు తల్లిదండ్రులు హెడ్మాస్టర్ గదికి వచ్చారు. అందులో ముందున్నవాడు సైదులు. మంచి రైతు, మంచి మనిషి, కూతురు మౌనిక పదిలోకి రాబోతోంది. "మేడం మీద మాకేం కోపం లేదు సార్, బీమారికి ఆమెనేం అంటం? గని పదో తరగతి పిల్లలు బెదిరితె ఎట్ల?" అన్నాడు. పదో తరగతి ఇంకొకరికిద్దాం అని హెడ్మాస్టర్ మెత్తగా అన్నాడు. ఆమెకు ఆరో తరగతి, లైబ్రరీ. మేడం వేసవి సెలవులు దాటేదాకా గడువు అడిగింది. సెలవుల్లో ఆపరేషన్ చేయించుకుంది.

జూన్‌లో బడి తెరిచేసరికి ఆమె ఎడమ చేతికి గడియారం, కుడి చేతికి పట్టీతో ఒక నల్లటి బిళ్ళ. అది అయస్కాంతం. ఫిట్ వస్తున్నట్టు అనిపిస్తే దాన్ని ఎదలోని డబ్బా మీదుగా ఒకసారి దువ్వినట్టు తీస్తే, సమయం కాకున్నా డబ్బా అదనంగా కరెంటు ఇస్తుంది. ఈ సంగతి తెలిసి ఊళ్ళో పెద్దవాళ్ళంతా మీసాలు మెలేశారు. "మేం తాతల కాలం నుంచి ఇనుము అనే గదా చెప్పేది, ఇప్పుడు డాక్టర్లకు తెలిసింది" అన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదని మేడం ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. యూసుఫ్ భాయ్ దుకాణంలోకి వెళ్ళినప్పుడల్లా ఆ బిళ్ళకు మేకులు, మరలు అతుక్కునేవి. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఒక్కొక్కటే పీకి, సాయంత్రం లెక్కపెట్టి ఆయనకు అప్పజెప్పేది.

ఫిట్స్ తగ్గడం మొదలైంది. కానీ కొత్త చిక్కు వచ్చి పడింది. ఆ కరెంటు పోయే నరమే గొంతుకూ పోతుందట. ఐదు నిమిషాలకొకసారి, ముప్పై సెకన్ల పాటు ఆమె గొంతు బొంగురుపోయేది. పాఠం మధ్యలో ఖంగుమనే గొంతు హఠాత్తుగా గరగరలాడేది, తర్వాత ఏమీ జరగనట్టు మామూలయ్యేది. మొదటి రోజు పిల్లలు కిసుక్కుమన్నారు. వారం తిరిగేసరికి సైదులు మళ్ళీ వచ్చాడు. ముందు ఫిట్స్ అన్నరు, ఇప్పుడు గొంతే పోతున్నదట, పిల్లలకు ఏం వినబడుతది అని. హెడ్మాస్టర్ ఆమెను పిలిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"మేడం, ఆ అయస్కాంతం డబ్బ మీద అట్లనే అదిమిపెడితే కరెంటు ఆగుతదని మీరే చెప్పిండ్రు గద. క్లాసుల మట్టుకు ఆపుకోరాదు?"

"పాట పాడేటోళ్ళు ఒక పాట సేపు ఆపుకోవచ్చని డాక్టర్ చెప్పిండు సార్. నాకు దినాం ఐదు పీరియడ్లు. పొద్దందాక ఆపుకుంటె ఇగ పెట్టిచ్చుకున్నదెందుకు?"

హెడ్మాస్టర్ దసరా సెలవుల దాకా చూద్దామన్నాడు. ఆమె బయటికి వెళ్ళాక నన్ను ఆగమన్నాడు. "అంజయ్యా, దసరా తర్వాత పదో తరగతి నువ్వు తీస్కోవాలె. రెడీగ ఉండు. ఇప్పటి నుంచే ఆమె క్లాసుల వెనక కూసోని ఎంత సిలబస్ అయిందో చూసుకో. ఆమెకు చెప్పకు, బాధపడ్తది" అన్నాడు. నాకు పదో తరగతి అంటే చిన్న సంగతి కాదు. వాలంటీరును సారుగా గుర్తించే తరగతి అది. "సరే సార్" అన్నాను. గంటలు గంటలు మాట్లాడే నేను ఆ రోజు రెండే మాటలు మాట్లాడాను. అవి ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

మేడం దగ్గరికి వెళ్ళి, మీ పద్ధతి నేర్చుకుంటాను, వెనక కూర్చుంటాను అన్నాను. సంతోషంగా రమ్మంది. అట్లా నేను పదో తరగతి చివరి బెంచీ మీద, నా సైజుకు సరిపోని జాగాలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. మొదటి ఐదు నిమిషాలు ఆమె లెక్క వివరించింది. గొంతు గరగరమనబోయే ముందు, గడియారం ఒకసారి చూసుకుని, ఒక ప్రశ్న వేసి సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "ముప్పై సెకన్లు మీయి" అని చేతులు కట్టుకుని నిలబడింది. గది నిశ్శబ్దం. నేనే లేచి జవాబు చెప్పబోయి ఆపుకున్నాను. ఆమె మాత్రం ఏమీ తొందర లేకుండా కిటికీలోంచి చూస్తోంది. ఎక్కడో ఇరవై సెకన్ల దగ్గర ఒక పిల్లవాడు లేచాడు. తప్పు చెప్పాడు. పక్కవాడు దిద్దాడు. ఇద్దరూ వాదించుకుంటూ బోర్డు దాకా వచ్చారు. ఆమె గొంతు తిరిగి వచ్చేసరికి లెక్క సగం అయిపోయింది. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ అంతే. పీరియడ్ పూర్తయ్యేలోగా ఏడెనిమిది మంది బోర్డు దాకా వచ్చి పోయారు. నా క్లాసులో అన్ని నెలల్లో బోర్డు దాకా వచ్చింది నేనొక్కణ్ణే.

బయటికి వచ్చాక ఆమె అడిగింది, ఎట్లుంది సార్ అని. బాగుందని, నాకైతే ఆ నిశ్శబ్దం భరించడం కష్టమని చెప్పాను.

"నువ్వు పిల్లలకు సందియ్యవు సార్. ఊపిరి తీసుకునే సందు గూడ ఉండది నీ పాఠంల. నాకైతే డబ్బ ఉన్నది, అది ఆపుతది. నీకు ఆపెటోళ్ళు లేరు."

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే స్టాఫ్‌రూమ్ హాయిగా ఉందని అందరూ అనుకున్నారని తర్వాత తెలిసింది. మూడో రోజు ఏడో తరగతిలో భిన్నాలు చెబుతూ, ఒక ప్రశ్న వేసి, పళ్ళు బిగబట్టి గడియారం చూస్తూ నిలబడ్డాను. పది. పదిహేను. అంత పొడవైన సెకన్లు నేనెప్పుడూ చూడలేదు. ఇరవై ఎనిమిది దగ్గర, జూన్ నుంచి ఒక్క మాట మాట్లాడని ఒక పిల్ల లేచి, "సార్, మూడులో ఒక వంతు నాలుగులో ఒక వంతు కంటె పెద్దది. మా ఇంట్ల రొట్టె ముగ్గురు పంచుకుంటె పెద్దగ వస్తది, తమ్ముడు అస్తే చిన్నగైతది" అంది. నేను వారం రోజులు బోర్డు మీద గీతలు గీసి చెప్పలేకపోయింది అదే. పరుగెత్తి మేడంకు చెప్పాను. ఆమె నాకంటే ఎక్కువ సంతోషపడింది. ఆ సంతోషం చూసి నాకు ఇంకా సిగ్గేసింది, ఎందుకంటే దసరా దగ్గర పడుతోంది, నా "సరే సార్" నా దగ్గరే ఉంది.

సెలవులకు నాలుగు రోజుల ముందు తల్లిదండ్రుల మీటింగు పెట్టాలనుకున్నారు. మేడం ఒప్పుకోలేదు. "మీటింగుల మాటలెందుకు, క్లాసుల కూసోండ్రి. చూసినంక మీరు ఏదంటె గదే" అంది. మధ్యాహ్నం పదో తరగతిలో వెనక రెండు బెంచీల నిండా తల్లిదండ్రులు, పక్కన కుర్చీలో హెడ్మాస్టర్, గోడకానుకుని నేను. ఆ రోజు లెక్క రెండు సమీకరణాలు సాధించి ఎక్స్ విలువ కనుక్కోవడం. రెండుసార్లు గొంతు బొంగురుపోయింది, రెండుసార్లూ పిల్లలు పాఠం నడిపించారు. సైదులు ముందుకు వంగి వింటున్నాడు. మూడోసారి గడియారం చూసుకోబోయి మేడం ఆగిపోయింది. సుద్దముక్క జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, గోడ పక్కన నేల మీద కూర్చుంది. కుడి చేయి కొట్టుకోవడం మొదలైంది.

నేను గడియారం చూశాను. ముందు బెంచీలోంచి ఇద్దరు లేచారు. ఒకమ్మాయి ఆమె చేతి పట్టీ పట్టుకుని అయస్కాంతాన్ని ఎడమవైపు డబ్బా మీదుగా ఒకసారి తీసింది. ఇంకొకమ్మాయి ఆమెను మెల్లగా పక్కకు పడుకోబెట్టి, సంచిలోని బురఖా మడత తీసి తల కింద పెట్టింది. జూన్ మొదటి రోజే ఆమె వాళ్ళకు ఇది లెక్క నేర్పినట్టు నేర్పింది. ఎవరూ అరవలేదు. వెనక బెంచీలో సైదులు మాత్రం గబగబా లేచి, జేబులోంచి ట్రాక్టర్ తాళాలు తీసి ముందుకు రాబోయాడు.

"నాయినా, కూసో. తాళాలు జేబుల పెట్టుకో" అంది మౌనిక. తండ్రి బిత్తరపోయి కూర్చున్నాడు. ఆ పిల్ల నేరుగా బోర్డు దగ్గరికి పోయి, మేడం వదిలేసిన సుద్దముక్క తీసుకుని లెక్క అందుకుంది. మేడం గొంతు ఆగినప్పుడల్లా ఆ తరగతిలో జరిగేది అదే కదా.

చేయి కొట్టుకోవడం ఆగింది. హెడ్మాస్టర్ నావైపు తిరిగాడు. "ఎంతసేపు అంజయ్యా?" అన్నాడు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ గదిలో గడియారం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. "చాలాసేపు" అని మెల్లగా ఒక్క మాట అంటే పదో తరగతి నాది. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

"నలభై సెకన్లు సార్" అన్నాను.

పిల్లలు లేపి కూర్చోబెడితే మేడం కాసేపు మగతగా గోడకానుకుని ఉంది. పిల్లలు తమ పని తాము చేసుకుంటున్నారు. నెమ్మదిగా కళ్ళద్దాలు సర్దుకుని, బోర్డు వైపు చూసింది. మౌనిక ఎక్స్ విలువ మూడు అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది. మేడం కళ్ళు చిట్లించి, ముద్దముద్దగా ఉన్న గొంతుతోనే అంది.

"మూడో వరుసల... గుర్తు చూడు బేటా."

మౌనిక చూసి నాలుక కరుచుకుంది. మైనస్ మూడు. గదంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వినవాళ్ళలో హెడ్మాస్టర్ కూడా ఉన్నాడు. సైదులు నవ్వలేదు. ముందుకు వచ్చి, ఫిట్ వచ్చి నేల మీద కూర్చున్న మనిషి తన కూతురి లెక్కలో తప్పు పట్టిందని నమ్మలేనట్టు బోర్డును, ఆమెను మార్చి మార్చి చూశాడు. "మా పిల్లకు లెక్కలు మీరే చెప్పాలె మేడం" అన్నాడు. తర్వాత నావైపు చూసి, "సార్, నీళ్ళు తేపో" అన్నాడు. పరుగెత్తి తెచ్చాను. అంత సంతోషంగా నేను ఎవరికీ ఎప్పుడూ నీళ్ళు తేలేదు.

రిటైరయ్యేదాకా పదో తరగతి ఆమెదే. ఫిట్స్ పూర్తిగా పోలేదు, డాక్టరు చెప్పినట్టే తక్కువయ్యాయి. మధ్యలో ఒకసారి బ్యాటరీ అయిపోతే డబ్బా మార్చారు. దాని లోపల ఏముందో విప్పి చూస్తానని యూసుఫ్ భాయ్ పాతది అడిగితే ఇవ్వలేదట, ఇప్పటికీ అలుగుతాడు. నేను పరీక్ష రాసి సర్కారు టీచరునై పాలమూరు వచ్చేశాను. పిల్లలకు ప్రశ్న వేసి ముప్పై లెక్కపెట్టడం మాత్రం చాలా ఏళ్ళు మానలేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఒకాయన, ఈ సార్ మధ్యమధ్యలో పాఠం మరిచిపోతున్నాడని కూడా రాసుకుని పోయాడు.

పోయిన రంజాన్‌కు మేడంకు ఫోన్ చేశాను. ముబారక్‌లు అయ్యాయి, పిల్లల ముచ్చట్లు అయ్యాయి. మాట్లాడుతుండగా ఆమె గొంతు బొంగురుపోయింది. "అచ్చింది సార్. ముప్పై సెకన్లు నీయి, చెప్పు" అంది నవ్వుతూ. నేను ఆ రోజు ఏదో చెప్పాలనుకుని ఫోన్ చేయలేదు. కానీ అటువైపు ఆ నిశ్శబ్దం ఉంటే ఇన్నేళ్ళు దాచుకున్న మాటే నోట్లోంచి వచ్చింది. దసరా తర్వాత మీ క్లాసు నాకిస్తానని అప్పుడు హెడ్మాస్టర్ సార్ అన్నడు మేడం, నేను సరే అన్న, మీ వెనక బెంచిల కూసున్నది దానికోసమే, మీకు ఎన్నడూ చెప్పలే అన్నాను. చెప్పి గడియారం చూసుకున్నాను.

"నాకు తెలుసు సార్" అంది చివరికి, గొంతు మామూలయ్యాక. "నువ్వు సరే అన్న దినమే హెడ్మాస్టర్ సార్ చెప్పిండు, ఆయన కడుపుల మాట దాగదు."

"మరి ఇన్నేండ్లు ఒక్క మాటన్న అనకపోతిరి?"

"నువ్వు చెప్పెదాక ఆగిన."

ఆ మరునాటి నుంచి నేను పిల్లల ముందు ముప్పై లెక్కపెట్టడం మానేశాను. ప్రశ్న వేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, వాళ్ళు చెప్పేదాకా ఆగుతున్నాను.